లచ్చమ్మ రూపు మీద లాటిన్ అక్షరాలు

నా బల్ల మీద కాగితాలు ఎగిరిపోకుండా పెట్టుకున్న మట్టి బిళ్ల ఒకటి ఉంది. కుంకుమ భరిణె మూతంత ఉంటుంది. దాని మధ్యలో కుర్చీలో కూర్చున్న స్త్రీ గుంటగా దిగి కనిపిస్తుంది. చూసినవాళ్ళు ఏ దేవత అని అడుగుతారు. దేవత కాదంటాను. మరి ఎవరంటే, ఆ ప్రశ్నకు ఇద్దరు ముగ్గురు ఇచ్చిన జవాబులు నా దగ్గర ఉన్నాయి. అవి, నేను అచ్చుకూటానికి నాలుగు రోజులు సెలవు పెట్టి ఇబ్రహీంపట్నం వైపు వెళ్ళినప్పుడు దొరికినవి.

నేను హైదరాబాదులో కంపోజిటర్ని. పుట్టింది బెజవాడ పక్కన. బడి చదువు మూడో ఫారంతో ఆగింది. తరువాతి చదువంతా గ్రంథాలయంలోనే, సాయంత్రం ఆరు నుంచి దీపాలు ఆర్పేవరకు. అక్కడ ఇంటికి ఇవ్వని పెద్ద పుస్తకం ఒకటుంది. ప్రాచీన రోము నాణేల బొమ్మలు, వాటి మీది రాతలు, వాటి అర్థాలు ఉంటాయి అందులో. రెండేళ్ళలో దాన్ని మూడుసార్లు చదివాను. లాటిన్ భాష రాదు గాని, నాణేల మీది లాటిన్ ముక్కలు చాలావరకు విప్పగలను. రెండువేల ఏళ్ళ కిందట మన మిరియాలకు, సన్నని నూలు బట్టలకు రోము వర్తకులు బంగారం ఇచ్చేవారని, వారి రెండవ చక్రవర్తి నాణేలు మన దక్షిణాదిలో తరచు దొరుకుతాయని నాకు తెలుసు.

ఆ పఠనమందిరానికే నాణేలు తెలిసిన పెద్దమనిషి ఒకాయన వస్తుంటారు. బిరుదులున్న మనిషి. ఒకనాడు నా చేతిలో ఆ పుస్తకం చూసి, "అక్షరాలు పేర్చేవాడికి దీంతో ఏం పని?" అని ఉర్దూలో అడిగారు. అప్పుడు జవాబు తోచలేదు. ఒక్క నాణెం, ఇంతవరకు ఎవరి లెక్కలోకీ ఎక్కనిది, నేనే కనిపెట్టి ఆయన ముందు పెడితే అదే జవాబవుతుందని అనుకున్నాను. ఆయన తెలుగు చదవరు కనుక ఇదంతా ఇక్కడ రాయడానికి అభ్యంతరం లేదు. అయినా మనుషుల పేర్లు మార్చాను. ఊరి పేరు అసలే రాయలేదు.

భోజనశాల పెరట్లో

నేను తినే భోజనశాలకు ఏడాదికి రెండుసార్లు కళాయి పోయడానికి ఖాసిం వస్తాడు. ఇత్తడి గిన్నెలకు లోపల తగరం పూత పూసే పని. ఇబ్రహీంపట్నం మనిషి. ఊరూరా తిరుగుతాడు. ఒక మధ్యాహ్నం నేను పుస్తకంలోంచి పెన్సిలుతో దించుకున్న నాణెం బొమ్మ విస్తరి పక్కన పెట్టుకొని తింటుంటే, తిత్తి ఊదడం ఆపి వంగి చూశాడు.

"పంతులూ, గిసుంటిది నేను జూసిన."

"ఎక్కడ?"

"ఒకామె మెడల. యాచారం తోవల ఒక ఊరున్నది. కళాయికి బగోనె ఇయ్యనీకి వంగింది, గిది ముంగటికి ఊగింది. గిట్లనే కూసున్న ఆడామె, సుట్టు అంగ్రేజీ అచ్చరాలు."

"బంగారమేనా?"

"ఇత్తడి కడుపుల శెయ్యి వెట్టి బతికెటోన్ని. బంగారం ఎర్కలేదా నాకు?"

దసరా వెళ్ళిన వారం ఖాసిం తన ఊరికి పోతూ పిలిస్తే బయల్దేరాను.

బొంగ్లూరు దగ్గర చాయ్

యుద్ధం రోజులు. పెట్రోలు దొరకక బస్సులు బొగ్గు పొయ్యితో నడుస్తున్నాయి. వెనకాల ఇనుప పీపాలో బొగ్గు రగులుతుంటే ఆ వాయువుతో బండి కదులుతుంది. ఎత్తు వచ్చినచోట మగవాళ్ళం దిగాలి. ఆడవాళ్ళు దిగనక్కరలేదు. మా వైపు దిగేటప్పుడు ఒకరినొకరు చూసుకుంటారు, ఎవరు ముందు దిగితే వాడు లోకువన్నట్టు. ఇక్కడ ఒక ముసలాయన, "దిగుండ్రి, ఇది ఎద్దుల బండి కంటె అధ్వాన్నం. ఎద్దు జెప్తే ఇంటది" అని అందరినీ దింపేశాడు.

నాకు దొరికిన చోటు బొగ్గు పీపాకు ఆనుకొని ఉంది. నాణెం అచ్చు తీసుకోవడానికి బజారులో కొన్న మైనం ముద్ద చొక్కా జేబులో పెట్టుకున్నాను. బొంగ్లూరు వచ్చేసరికి అది కరిగి, జేబులోని కాగితాలను, నా కళ్ళజోడు గుడ్డను, చొక్కాను ఒక్కటి చేసింది. నాణేల గురించి నాలుగు నెలలు రాసుకున్న పుటలు అప్పడాల్లాగా విరిగి వచ్చాయి.

"దినాము మెడల ఉన్నది యాడికి వోదు. నీ మైనమే వోయింది" అన్నాడు ఖాసిం.

అక్కడ చాయ్ అర్ధణా. పొరపాటున మా వైపు కల్దారు అణా ఇచ్చాను. నైజాంలో సర్కారు సిక్కా వేరు, ఇంగ్లీషు వారి కల్దారు వేరు. చాయ్ అతను దాని మీది రాజు తలను చూసి, తిప్పి చూసి, "మా దాని మీద చార్మినార్ ఉంటది. గీ మనిషిని నేను యాడ మార్చుకోవాలె?" అని తిరిగి ఇచ్చేశాడు. ఆ మాటను అప్పుడు నేను పట్టించుకోలేదు. మరునాటికి అదే పెద్ద విషయమైంది.

దారి పక్క గుట్టల నుంచి సీతాఫలాలు బుట్టలతో దిగుతున్నాయి. అణాకు పన్నెండు. పదమూడోది అడగకుండానే వేశారు.

ఇబ్రహీంపట్నంలో మొదటి రాత్రి

పెద్ద చెరువు కట్ట కింద ఖాసిం ఇల్లు. గుమ్మంలోనే ఆగి, "మా ఇంట్ల తింటవా, లేకుంటె కోమటోళ్ళింట్ల జెప్పాల్నా? మొహమాటం వద్దు" అన్నాడు.

"ఇక్కడే తింటాను. గ్రంథాలయంలో ఎవరి పక్కన ఎవరు కూర్చున్నారో ఎవరూ అడగరు" అన్నాను.

"గాడ బువ్వ వెడ్తరా?"

"లేదు."

"గందుకే అడగరు."

అతని భార్య తలుపు చాటు నుంచే జొన్నరొట్టెలు, మాంసం వేసిన ఆకుకూర పంపింది. ఒక ముద్ద తినగానే గోంగూర అన్నాను. లోపల నవ్వు వినిపించింది. వాళ్ళు దాన్ని పుంటికూర అంటారట. గోంగూర అంటే ఏదో తిట్టనుకున్నారు. మా ఇంట్లో దాన్ని నూనెలో మగ్గించి పచ్చడి చేస్తారు. మాంసంలో పడ్డ పుంటికూరకు ఆ పుల్లదనం సగమే ఉంటుంది, మిగతా సగం కారం తీసుకుంటుంది. నాలుగు రొట్టెలు తిన్నాను. ఐదోది వద్దంటే, "పట్నపోళ్ళు పుస్తకాలు తిని బతుకుతరు" అని లోపలి నుంచి వచ్చింది మాట.

కళాయి పొయ్యి దగ్గర

రెండవనాడు ఆ ఊరు చేరాం. ఖాసిం ఒక గోడ నీడన నేలలో చిన్న గుంట తవ్వి, తిత్తి గొట్టం అమర్చి, "కళాయీ" అని ఒక్క కేక వేశాడు. కాసేపట్లో ఇత్తడి గిన్నెలు నెత్తిన పెట్టుకొని ఆడవాళ్ళు వచ్చారు. గిన్నె ఎర్రగా కాలాక నవసాగరం అనే ఉప్పు పొడి చల్లితే తెల్లని పొగ లేస్తుంది. ఆ పొగలోనే తగరం ముక్క తాకించి దూదితో గిర్రున తుడిస్తే లోపలంతా వెండిలాగా అవుతుంది. నన్ను ఖాసిం "పట్నం పంతులు, పాత రాతలు సదువుతడు" అని చెప్పి కూర్చోబెట్టాడు.

సత్తెమ్మ వచ్చింది. పాతికేళ్ళు ఉండవు. చంకలో ఏడాదిన్నర ఆడపిల్ల, నెత్తిన బగోనె. వెనకాల అత్త రాజమ్మ, చేతిలో గంటె, మా వైపు గరిటె అంటాం. సత్తెమ్మ గిన్నె దించడానికి వంగింది. పుస్తెలతో పాటు నల్లపూసల దారానికి ఆ బిళ్ల ముందుకు ఊగింది.

రెండేళ్ళు బొమ్మలో చూసినదాన్ని నాలుగడుగుల దూరంలో చూశాను. కుర్చీ, కూర్చున్న స్త్రీ, కుడిచేతిలో పొడుగాటి దండం, ఎడమచేతిలో కొమ్మ. అచ్చంగా రెండవ చక్రవర్తి బంగారు నాణెం. కూర్చున్నది అతని తల్లి అని పండితుల అభిప్రాయం.

"అమ్మా, ఆ నాణెం ఒకసారి తీసి చూపిస్తారా?" అని అడిగాను.

అందరూ నా వైపు చూశారు. రాజమ్మ గంటె నేల మీద ఆనించింది.

"నాణెం ఏంది? గది రూపు."

రూపు అంటే మెడలో కట్టుకొనే చిన్న రేకు. దేవతదో, చనిపోయినవారిదో బొమ్మ ఉంటుంది. నాణెమే అని నిరూపించడానికి నా దగ్గరున్న కల్దారు రూపాయి తీసి, ఇలాగే మనిషి బొమ్మ నాణెం మీద కూడా ఉంటుందని రాజమ్మకు చూపించాను. ఆమె దాన్ని కంటి దగ్గర పెట్టుకొని చూసింది.

"గీయన మీ నాయినా?"

"కాదు, రాజు."

"సచ్చిపోయిండా?"

రూపాయి పాతది. "ఆయన పోయి కొన్నేళ్ళయింది" అన్నాను. అది నిజమే.

"పాపం. మరి మెడల కట్టుకోక జేబుల ఏసుకొని తిరుగుతున్నవేంది?" అని రూపాయి నా చేతిలో పెట్టేసింది. ఖాసిం నవ్వుతూ తిత్తి ఊదడం మరిచాడు. పొయ్యి ఆరిపోయింది.

అప్పుడు బొంగ్లూరు చాయ్ అతని మాట గుర్తొచ్చింది. ఇక్కడి సిక్కా మీద కట్టడం ఉంటుంది, రాత ఉంటుంది, మనిషి ఉండడు. లోహం మీద మనిషి ఉన్నాడంటే ఆ మనిషి చనిపోయాడని, మెడలో ఉండాలని వీళ్ళ లెక్క. నేను పుస్తకంలో నేర్చుకున్న మొదటి సూత్రమే ఇక్కడ చెల్లలేదు.

సంగతి రాజమ్మే చెప్పింది. కొడుకు మల్లయ్యకు సత్తెమ్మ రెండో భార్య. మొదటి ఆమె లచ్చమ్మ పురిట్లో పోయింది. మొదటి భార్య పోయాక వచ్చినామె, పోయినామె రూపు మెడలో కట్టుకోవాలి. లేకపోతే పోయినామె అలుగుతుంది. పెళ్ళప్పుడు బీదతనం వల్ల కట్టలేదు. సత్తెమ్మ తొలి కాన్పు బిడ్డ మూడు నెలలకే పోయింది. సోది చెప్పే ఆమె లచ్చమ్మ పేరు చెప్పింది. రెండో కాన్పుకు ముందు అవుసుల బ్రహ్మయ్యతో రూపు చేయించి కట్టారు. ఈ పిల్ల నిలిచింది.

"మా లచ్చమ్మను యాది వెట్టుకోని చెక్కిండు బ్రహ్మయ్య. జూడు, కుడిశేతిల రోకలి, ఎడమశేతిల జొన్న కంకి. పీట మీద గిట్లనే నిటారుగ కూసునేది. నడుం వంచకపోయేది, ముండ" అంది రాజమ్మ. కళ్ళు తుడుచుకుంది.

నేను సత్తెమ్మ వైపు చూశాను. ఆమె బిళ్లను రెండు వేళ్ళతో పట్టుకొని జాకెట్టులోకి దించుకుంది.

"గిది తియ్య" అంది. ఆ రోజు ఆమె నాతో అన్న మాట అదొక్కటే.

అవుసుల బ్రహ్మయ్య కొట్టం

మధ్యాహ్నం నేనొక్కడినే బ్రహ్మయ్య దగ్గరికి వెళ్ళాను. అవుసులాయన అంటే కంసాలి. అరవై దాటిన మనిషి, కుంపటి ముందు కూర్చొని ఊదుగొట్టం తుడుస్తున్నాడు.

"సత్తెమ్మ రూపు నువ్వే చేశావట" అన్నాను.

"నేనే జేసిన. ఏం, నీకు గావాల్నా?"

"దాని చుట్టూ అక్షరాలు ఎందుకు చెక్కావు?"

"అచ్చరాలు గావు, పువ్వులు."

పుల్లతో బూడిదలో ఆ పదకొండు అక్షరాలు రాసి చూపించాను. కుర్చీకి ఒక పక్క ఆరు, ఇంకో పక్క ఐదు. మహాపూజారి అని అర్థం, రోము రాజుల బిరుదు. ఇది బంగారు నాణెమని, రెండువేల ఏళ్ళదని, సముద్రం దాటి వచ్చిందని చెప్పాను. నా గొంతు కొంచెం పెరిగిందనుకుంటాను. బ్రహ్మయ్య లేచి తలుపు దగ్గరికి వేసి వచ్చాడు.

"మెల్లగ. పట్వారి ఇల్లు పక్కనే. భూమిల దొరికింది అంటె సర్కార్‌ది అంటరు."

"భూమిలో దొరికిందా?"

"మా తాత పెట్టెల ఉండె. తాతకు ఎవరిచ్చిండ్రో నాకెర్కలేదు." కూర్చున్నాడు. "పురుడు మూడు దినాల్లున్నది. రూపు గావాలని ముసలామె వచ్చి కూసున్నది. నాకు కండ్లు కలకలొచ్చి సుట్టూ మసక. చెక్కుడు నాతోని గాలె. పెట్టె తీస్తె గిది దొరికింది. ఆడామె కూసున్నది. కొక్కెం అతికిచ్చి ఇచ్చిన. వాళ్ళిచ్చిన బంగారం కంటె గిదే జర ఎక్కువ తూగింది. బంగారంల మోసం జెయ్యలే, పంతులూ. రూపుల జేసిన."

"అప్పుడే చెప్పాల్సింది."

"చెప్దామనే నోరు తెరిసిన. ముసలామె దాన్ని జూసి, నా కోడలే, నా కోడలే అని ఏడ్సింది. గప్పుడు యాడ చెప్పాలె?"

అయినా నేను వచ్చిన పని మాత్రం చెప్పాను. దీన్ని పెద్దలకు చూపాలి, ఏ ఊళ్ళో ఎవరి దగ్గర ఉందో రాయాలి, అప్పుడే విలువ.

"రాయి. నువ్వు రాస్తె గది నాణెం అయితది. సత్తెమ్మ మెడల లచ్చమ్మ లేనట్టయితది. రేపు పిల్లకు జర దగ్గొస్తె ఆమె నిద్రవోతదా? నీ పుస్తకం వచ్చి జోల పాడ్తదా?"

నిజానికి ఆ సమయంలో నేను ఇంకో సంగతి ఆలోచిస్తున్నాను. ఆ బిళ్ల రెండో వైపు ఎలా చూడాలా అని.

చెరువు మట్టి

మూడవనాడు పొద్దున్నే ఖాసిం పొయ్యి మెత్తడానికి ఇబ్రహీంపట్నం చెరువు నుంచి వెంట తెచ్చుకున్న ఒండ్రుమట్టి తడిగుడ్డలో చూపించాడు. మైనం పోతే పోయింది, దీంట్లో వేలిముద్ర గీతలు కూడా పడతాయని అతని మాట. రాజమ్మను ఒప్పించింది కూడా అతనే.

"అవ్వా, పంతులు నీ కోడలి రూపుకు నకలు దీస్కుంటడట. మెడల కెల్లి తియ్యొద్దు, ముట్టొద్దు. సత్తెమ్మనే ఒత్తుతది."

"నకలెందుకు?"

"పట్నంల మంచి పని జూస్తె గట్ల దాచుకుంటరు."

బ్రహ్మయ్య పని మెచ్చుకున్నారని రాజమ్మ వెంటనే ఒప్పుకుంది. బ్రహ్మయ్యను కూడా కేకేసి పిలిచింది. ఆయన వచ్చి స్తంభం పక్కన నిలబడ్డాడు.

సత్తెమ్మ పిల్లను అత్తకిచ్చి గడప మీద కూర్చుంది. మట్టిని రొట్టె ముద్దలాగా చేతిలో చరిచి సమం చేసింది. బిళ్లను మెడలోనే ఉంచి, కొంచెం తల వంచి, మట్టి దాని మీదికి తెచ్చి బొటనవేలితో ఒత్తింది. ఊపిరి ఆపి, అంచు నుంచి లేపింది. ఏ అచ్చుకూటంలోను అంత శుభ్రమైన అచ్చు నేను చూడలేదు. తరువాత బిళ్లను తిప్పి రెండో ముద్ద మీద ఒత్తింది.

అచ్చులో అక్షరాలు తిరగబడి ఉంటాయి. మామూలువాళ్ళకు అద్దం కావాలి. సీసపు అక్షరాలు తిరగేసి చదవడమే నా బతుకు కనుక నాకు అక్కర్లేదు. రెండో వైపు ఆకుల దండ పెట్టుకున్న తల, మీసం గడ్డం లేని నున్నని ముఖం, మెడ వెనక వేలాడే దండ ముడి. చుట్టూ రాసిన బిరుదంతా చదివాను. కొక్కెం కింద రెండక్షరాలు పోయాయి. తక్కినవన్నీ స్పష్టంగా ఉన్నాయి. రెండవ చక్రవర్తి, సందేహం లేదు.

పట్టలేకపోయాను. "అమ్మా, ఈమె చేతిలో ఉన్నది రాజదండం" అన్నాను.

బ్రహ్మయ్య స్తంభాన్ని పట్టుకున్నాడు.

"రోకలి" అంది రాజమ్మ.

"ఇది రాణులు కూర్చునే కుర్చీ."

"రాణే. నా కోడలు రాణి లెక్కనే ఉండె. నీకెట్ల ఎరుక?"

"కొమ్మ కూడా మన జొన్న కాదు, రోము దేశంలో..."

"రూం షహరా? మా మసీదుల చెప్తరు. మస్తు దూరం. జొన్న యాడికైన పోతది" అన్నాడు ఖాసిం, నా వైపు చూడకుండా.

రాజమ్మ నా చేతిలోని మట్టిని దగ్గరికి లాక్కొని చూసింది. "కంకి బరువుకు కొంచెం వంగింది, జూడు. గా యేడు పంట గట్లనే ఉండె."

ఆమెకు ఆ బొమ్మలో కనిపించినన్ని వివరాలు నాకు కనిపించలేదు. సత్తెమ్మ మాత్రం మట్టి అంటిన చేతులు కడుక్కుంటూ నా ముఖమే చూసింది.

మధ్యాహ్నం వాళ్ళింట్లోనే అన్నం. పచ్చిపులుసు, తొక్కు అనే పచ్చడి, సల్ల అనే మజ్జిగ. మా ఇంట్లో పులుసంటే పొయ్యి మీద ఉడకాలి. ఇక్కడ చింతపండు పిసికి, ఉల్లిగడ్డ కోసి, మంట చూపకుండానే పోసేశారు. ఎండకు అదే సరైనది.

ఊరి చివర

నాలుగవనాడు తిరుగు ప్రయాణం. ఖాసిం తిత్తి భుజాన వేసుకొని ముందు నడుస్తున్నాడు. మట్టి బిళ్లలు రెండు దూదిలో చుట్టి సంచిలో పెట్టుకున్నాను. జొన్నచేను గట్టు దగ్గర వెనక నుంచి పిలుపు.

"పంతులూ, జర ఆగు."

సత్తెమ్మ. చంకలో పిల్ల, చేతిలో గుడ్డలో కట్టిన రొట్టెలు. రొట్టెలిచ్చాక కూడా వెళ్ళలేదు.

"ఒక మాట అడుగుత. నిజం జెప్పు."

"అడుగు."

"గిది బ్రహ్మయ్య చెయ్యలే గద?"

నేను చేను వైపు చూశాను.

"చెప్పకున్న ఎరుకే. కట్టిన్నాడే ఎరుక. కొత్త రూపు అంచు గోరుకు తాకుతది. దీనంచు మా అత్త గంటె లెక్క అరిగింది. దినాము గిన్నెలు తోమెదాన్ని, ఏది ఎన్నేండ్లకు అరుగుతదో నాకు తెల్వదా?"

"తెలిసి ఎందుకు కట్టుకున్నావు?"

"అత్త ఏడ్సుడు బంజేసింది. పిల్ల నిలిచింది. ఎవరో ఒకామె అయితె ఉన్నది గద." బిళ్లను బయటికి తీసింది. "గీమె ఎవరు?"

"ఒక రాజుకు తల్లి. చాలా దూరం. చాలా కాలం కిందట."

"ఆమెకు సవతి ఉండెనా?"

ఉందని పుస్తకంలో చదివాను. ఈ వివరం కోసం ఎవరైనా అడుగుతారని ఎన్నడూ అనుకోలేదు.

"ఉంది."

"గీమె ముందొచ్చిందా, ఎన్కొచ్చిందా?"

అబద్ధం చెప్పవచ్చు. కాని చదివింది చదివినట్టు చెప్పే అలవాటు ముందుకొచ్చింది. "వెనక వచ్చింది. ముందున్నామె ఆడపిల్లను కన్న రోజే ఆమెను పంపించేసి, మొగుడు ఈమెను తెచ్చుకున్నాడు."

సత్తెమ్మ రోకలి పట్టుకున్న ఆమెను చాలాసేపు చూసింది. పిల్ల దారాన్ని గుంజింది.

"అయితె గిది అక్క గాదు. నేనే" అంది. తరువాత, మెల్లగా, "మరి మా అక్క యాడున్నట్టు?"

ఆమె బిళ్లను తిప్పింది. ఆకుల దండ, నున్నని చెంప, మెడ వెనక ముడి.

"గీమెనా?"

ఆ ముఖం మగవాడిది. ఆ ముక్కు, ఆ చుబుకం పుస్తకంలో ఏ పుటలో ఏ వరుసలో ఉన్నాయో కళ్ళు మూసుకొని చెప్పగలను. ఈ ప్రపంచంలో నేను ఎవరికైనా రుజువు చేయగల సంగతి ఒకటుంటే అది ఇదే.

"ఆమే. ముందొచ్చినామె" అన్నాను.

"పేరు రాసి ఉన్నదా?"

"అరిగిపోయింది."

సత్తెమ్మ ఆకుల దండను వేలితో నిమిరింది. "పువ్వులు వెట్టుకున్నది" అంది. బిళ్లను మళ్ళీ తిప్పి, ఆ ముఖం ఒంటికి తగిలేలా, కూర్చున్నామె బయటికి కనిపించేలా గుండె మీద సర్దుకుంది.

"అక్క లోపట ఉంటది. బయటి పని నేను జూస్కుంట."

పిల్లను ఇంకో చంకకు మార్చుకొని వెళ్ళిపోయింది.

మళ్ళీ పఠనమందిరం

తల ఉన్న మట్టి ముద్దను ఇబ్రహీంపట్నం కట్ట మీద ఖాసిం చేతికిచ్చాను. అతనేమీ అడగకుండా తీసుకొని చెరువులోకి విసిరాడు. "దాని మట్టి దానికి" అన్నాడు. రొట్టెలు ఇద్దరం అక్కడే తిన్నాం.

మరుసటి సాయంత్రం ఆ పెద్దమనిషి తనంతట తానే నా బల్ల దగ్గరికి వచ్చారు. నేను నాణెం కోసం సెలవు పెట్టానని ఎవరో చెప్పారట.

"ఏమైంది, దొరికిందా?"

"లేదండీ. నాణెం కాదు. ఊళ్ళో అవుసులాయన చేసిన రూపు."

"నేను ముందే అన్నాను. అక్షరాలు పేర్చడం వేరు, చదవడం వేరు." కొంచెం జాలిగానే అన్నారు. వెళ్ళబోతూ ఆగి, "ఎవరి రూపు?" అని అడిగారు.

నా ముందున్న పెద్ద పుస్తకం ఆ పుట దగ్గరే తెరిచి ఉంది. దాన్ని మూసి పక్కకు జరిపాను.

"లచ్చమ్మ అని, ఒకామెది" అన్నాను.